గూట్లో ఉండిపోయిన నీ కంచం

బిడ్డా లలితా,

ఈ కబురు ముందు నీకే చెప్పాలని పొద్దున్నుంచి ప్రాణం కొట్టుకుంటోంది. మన సరోజకు నయమైపోయింది! నిన్ను తీసుకుపోయిన ఆ కాలేయం జబ్బే, హెపటైటిస్ సి, నీ చెల్లెలికీ ఉందన్నప్పుడు నేను మగ్గం ఆపేసి లేచి వచ్చేశాను. మూడు నెలలు మాత్రలు మింగింది. ఇంకో మూడు నెలలాగి రక్తం చూశారు. "కాకా, ఇప్పుడు ఆమె రక్తంల వైరస్ లేదు" అంది డాక్టరమ్మ ఇవాళ. కార్ఖానాలో అందరికీ పేడాలు పంచాను. "ఏంది కాకా, మనుమడు పుట్టిండా?" అన్నాడు మాతో పని చేయించే ముకాదం. "కాదురా, నా బిడ్డనే మల్ల పుట్టింది!" అన్నాను.

జాతరలో మీ ఇద్దరికీ ఒకే సూదితో పచ్చబొట్లు పొడిపించాం కదా, దాంతో వచ్చి ఉండొచ్చట. కలిసి తింటే మాత్రం రాదట తల్లీ. అది తెలియకే నీ కంచం, గ్లాసు వేరు చేశాను. "బాపూ, ఒక్కదాన్నే తింటే ముద్ద దిగుతలేదు" అన్నావు. "జర ఆగు బిడ్డా, నయమైనంక కలిసి తిందాం" అన్నాను. నువ్వు పోయాక ఆ కంచం వైపు చూడలేకపోయాను.

ఈ మధ్యాహ్నం దాన్ని గూట్లోంచి తీసి, తోమి, జొన్నరొట్టెలూ పల్లీల చట్నీ పెట్టాను. సరోజా నేనూ అందులోనే తిన్నాం. "జర జరుగు బాపూ, అక్కకు జాగ ఇడువు" అంది నీ చెల్లెలు.

జరిగి కూర్చున్నాను బిడ్డా.

నీ బాపు