ఏటా కూత?

మార్చి 2, సోమవారం. ఉదయం 6.10
ఈరోజు నుంచి రాసింది దిద్దను. ఒకసారి రాయడం, ఇచ్చేయడం. అంతే. ఎర్ర పెన్ను చెత్తబుట్టలో పడేశాను.
కారణం: ప్రత్యూష. మా అమ్మాయి. వయసు తొమ్మిది. పదిహేనో తేదీన తెలుగు సంఘం వార్షికోత్సవంలో కథ చెప్పాలి. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది కాబట్టి, నేర్చుకోడానికి పది రోజులు కావాలి. పోయిన ఏడాది రెండో వాక్యం దగ్గర ఆగిపోయి, ఏడుస్తూ స్టేజీ దిగింది. ఆ వాక్యం నేను ముందురోజు మార్చింది. ఈసారి సంఘానికి తన పేరు తనే ఇచ్చింది.
6.50. కథ పూర్తి! మా అత్తయ్య అప్పయమ్మ కొత్త కోడలిగా ఇక్కడికి, బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్‌కి వచ్చిన రోజు సంగతి. రైలింజన్ల షెడ్డు సైరన్ మోగితే ఎక్కడో నిప్పంటుకుందనుకున్నారు. మొదటి వాక్యం: "'ఏటా కూత?' అంటూ నానమ్మ గంజి వార్చని గిన్నెతో వీధిలోకి పరుగెత్తింది."
కాగితం ప్రత్యూషకు ఇచ్చేశాను. ఇంత సులువా!

మార్చి 3, మంగళవారం
ఆఫీసుకు వెళ్తూ కాగితం వెనక్కి తీసుకున్నాను. దిద్దడానికి కాదు, ఒక్క మాట చూడడానికి. స్టేజీ మీద 'ఏటా' అంటే ఏం బాగుంటుంది? 'ఏమిటా' చేశాను. ఇది దిద్దుబాటు కాదు, స్పెల్లింగ్.
సాయంత్రం: కూత రైలుది. సైరన్‌కైతే 'శబ్దం'. ఇదీ స్పెల్లింగే.

మార్చి 4, బుధవారం
హోలీ. చేతులకు రంగు. కాగితం ముట్టుకోలేదు. నిర్ణయం అమల్లో ఉన్నట్టే.

మార్చి 7, శనివారం
ప్రత్యూష కాగితం అడిగింది. నిన్నటిలాగే, రేపు ఇస్తానన్నాను.
"అమ్మా, కల్ భీ రేపే అన్నావు."
ఆలస్యానికి కారణాలు: 1. ఆఫీసులో సీనియారిటీ లిస్టు. 2. మా ఆయన లోకో పైలట్, డ్యూటీకి ఎప్పుడు పిలుపొస్తుందో తెలియదు. 3. 'పరుగెత్తింది' అనాలా, 'పరుగు తీసింది' అనాలా?
మూడోదే అసలు కారణం.
గోల్ బజార్ వెళ్లి ఎర్ర పెన్ను కొన్నాను. కందిపప్పు మరిచిపోయాను. వెళ్లింది పప్పు కోసం.

మార్చి 10, మంగళవారం
ఆరో ప్రతి. అత్తయ్యకు చదివి వినిపించాను: "'ఆ ధ్వని ఏమిటి?' అని ప్రశ్నిస్తూ ఆమె అన్నపు పాత్రతో వీధిలోకి ప్రవేశించింది."
అత్తయ్య చివరిదాకా శ్రద్ధగా విన్నారు.
"బాగుందమ్మా. ఎవురావిడ?"
మీరేనని చెప్పాను.
"నానా? నానెప్పుడలగ మాటాడినాను?"
అత్తయ్య అభిప్రాయం పరిశీలనలో ఉంది.

మార్చి 13, శుక్రవారం
సంఘం కార్యదర్శి తిరుపతయ్య గారు ఫోన్ చేసి, పాప ప్రాక్టీసు ఎలా ఉందన్నారు. నడుస్తోందన్నాను. కథ తొమ్మిదో ప్రతిలో ఉంది. పాప చేతిలో ఒక్క ప్రతీ లేదు.
ప్రత్యూష అడగడం మానేసింది. హిందీ నోటుబుక్కు పట్టుకుని నానమ్మ పక్కన కూర్చుంటోంది. హోంవర్కు కాబోలు.

మార్చి 14, శనివారం
పదకొండో ప్రతి ఇచ్చాను. ప్రత్యూష 'ధ్వ' దగ్గర ఆగింది. నా వైపు చూసింది. పోయిన ఏడాది స్టేజీ మీంచి చూసిన చూపు.
ఇదంతా నేను చేసిందే.

మార్చి 15, ఆదివారం
సాయంత్రం 6.20. ప్రత్యూష స్టేజీ ఎక్కింది. చేతిలో నా కాగితం. ఒకసారి దానివైపు చూసింది. కాగితం నాలుగు మడతలు పెట్టింది.
"ఏటా కూత?"
ఎక్కడా ఆగకుండా చివరిదాకా చెప్పింది. మొదటి వరసలో అత్తయ్య పక్కావిడ మోచెయ్యి పట్టుకుని, "అలగే అన్నాను నాను" అంటున్నారు. హాలంతా వినిపించింది.
ఇంటికొచ్చాక హిందీ నోటుబుక్కు చూపించింది. రెండో తేదీనే నా కథంతా హిందీ అక్షరాల్లో ఎక్కించుకుంది. ఎందుకని అడిగాను.
"నువ్వు వాపస్ తీసేసుకుంటావని తెలుసు కదా."
చూశాను. 'కూత'కు దీర్ఘం లేదు. ఎర్ర పెన్ను మూత తీశాను.
ప్రత్యూష నోటుబుక్కు మూసేసింది.

మార్చి 16, సోమవారం. ఉదయం 6.10
ఈరోజు నుంచి రాసింది దిద్దను.
'నేటి నుంచి' అంటే బాగుండేది. వదిలేశాను.