అమ్మ రాయవలసిన ఫారం

జూన్ 3
చెల్లి ఆసుపత్రి నుంచి వచ్చి పదకొండు రోజులు. పదహారేళ్లకే చచ్చిపోవాలనుకుంది. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్ని రోజులు పట్టింది.

కౌన్సెలర్ మేడమ్ అమ్మానాన్నలనీ సెషన్‌కి రమ్మన్నారు. జబ్బు పిల్లదైతే మందు మాకా అని నాన్న గొణిగారు. అయినా చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ వచ్చారు. అమ్మకి ఒక ఫారం ఇచ్చారు. రోజూ కూతురిలో ఏం గమనించిందో తన మాటల్లో రెండు లైన్లు రాయాలి.

జూన్ 5
అమ్మ ఫారం నా ముందు పడేసింది. ఈ ఇంట్లో లీవ్ లెటర్ దగ్గర్నుంచి అన్నీ నేనే రాస్తాను. కాన్వెంట్ చేతిరాత మరి. ఏం రాయమంటావు అంటే, బాగానే తింటోందని రాసెయ్యవే తల్లీ, నాకేం తోచి చస్తుంది అంది.

నేను ఇలా రాశాను: ‘నిన్న తలుపు దగ్గర చాలాసేపు నిలబడింది. లోపలికి రమ్మనలేదు నేను. అనాల్సింది.’

నిలబడింది నా గది తలుపు దగ్గర. నేను నవల చదువుకుంటున్నాను.

జూన్ 8
రోజూ రాస్తున్నాను. అమ్మ రాతలా ఉండాలని అక్షరాలు వంకర చేసి, మధ్యమధ్య కొట్టివేతలు కూడా పెడుతున్నాను. బాగా వస్తోంది. ఛీ.

జూన్ 10, సాయంత్రం
సెషన్‌లో మేడమ్ ఆ కాగితం చెల్లికే ఇచ్చి చదవమన్నారు. మధ్యలో ఆగిపోయింది. దొరికిపోయాననుకున్నాను. తను అమ్మ వైపు తిరిగి, నిజంగా నన్ను చూశావా అని అడిగింది. చూడకేం అంది అమ్మ, నా వైపు చూడకుండా. చెల్లి అమ్మ భుజం మీద తల ఆనించింది. నేను తలెత్తలేదు.

జూన్ 11
ఆ రోజు తలుపు దగ్గర నిలబడితే ఎందుకు పిలవలేదని చెల్లి అమ్మని అడిగింది. ఏ రోజే, ఏ తలుపే అంది అమ్మ.

చెల్లి గదిలోకి వెళ్లిపోయింది. అన్నం వద్దంది. తను మాట మానేస్తే ఒంటరిగా వదలొద్దు, వెంటనే ఫోన్ చెయ్యండి అని మేడమ్ మొదటి రోజే చెప్పారు. నాన్న చేత ఫోన్ చేయించి, నేను లోపలికి వెళ్లాను. రాసింది నేనేనని చెప్పాను. నువ్వు నిలబడి ఉంటే పుస్తకం మూయనిదీ నేనేనని చెప్పాను.

ఏం పుస్తకం అంది. చెప్పాను. అంత బాగుందా అంది. లేదన్నాను.

పక్కనే కూర్చున్నాను. మేడమ్ రేపు పొద్దున్నే అందరినీ రమ్మన్నారట.

జూన్ 13
ఈసారి ఫారం అమ్మే రాసింది: ‘నాకేం కనబడలేదు. రేపు చూస్తాను.’

దిద్ది పెట్టమంది. దిద్దకుండా చెల్లికి ఇచ్చేశాను.