లూపె అత్త సొట్ట తీసిన వైనం

హోలోంగా, వవావు దీవి, టోంగా
ఆగస్టు 16

ప్రియమైన సెమిసికి,

మీ భార్య అకనేసి నమస్కారాలు. ఇక్కడ నేను, పిల్లలు, మీ లూపె అత్త, మూడు పందులు, అందరం క్షేమం. ఆస్ట్రేలియా నారింజ తోటల చలిలో మీరెలా ఉన్నారో అని రోజూ ప్రార్థనలో తలుచుకుంటున్నాం. కారు కూడా క్షేమమే. ఫోన్‌లో చెబితే సగం వినకుండానే అరుస్తారని ఉత్తరం రాస్తున్నాను. కూర్చుని చదవండి.

కిందటి గురువారం డిక్కీ మూత మీద కొబ్బరికాయ పడి పళ్లెమంత సొట్ట చేసింది. వెళ్లేటప్పుడు మీరేమన్నారు? నాలుగేళ్లుగా నా చేతిలో ఒక్క గీత పడలేదు, నీ చేతిలో పడిందా, కారు తాళం మా తమ్ముడు కెపుకి ఇచ్చేస్తా అన్నారు. తాళం పోతే చెట్టు బెరడు కొట్టి చేసే నా నారబట్టలు నెయాఫు సంతకెలా వెళ్తాయి? మళ్లీ బస్సులో అందరి కాళ్లూ తొక్కుకుంటూ మోసుకుపోవాలా? షెడ్డుకి తీసుకెళ్తే సాయంత్రానికల్లా మీ చెవిన పడుతుంది. అందుకే ఇంట్లోనే తీద్దామనుకున్నాం.

ముందు కెపు పాస్టరు గారింటి నుంచి తూము మూసుకుపోతే లాగే రబ్బరు గిన్నె తెచ్చాడు. తడిపి, అతికించి, బలంకొద్దీ లాగాడు. గిన్నె ఊడి మన కెపు వెల్లకిలా పడ్డాడు. సొట్ట కదల్లేదు.

చూసి చూసి లూపె అత్తకి చిర్రెత్తుకొచ్చింది. రేకేమైనా బెరడు కంటే మొండిదా, మూత ఊడదీసి చాప మీద బోర్లా వెయ్యరా అంది. మరో ముగ్గురు అత్తలు బెరడు కొట్టే కొయ్య సుత్తులతో వచ్చి చుట్టూ కూర్చున్నారు. మొదట మెల్లగానే కొట్టారు. నలుగురి చేతులూ తాళంలో పడ్డాక ఇక ఆపేదెవరు? పాట కూడా ఎత్తుకున్నారు. వాళ్లకి తెలిసిందల్లా కొట్టి సాగదీయడమే కదా. రేకూ బెరడులాగే సాగింది. తిప్పి చూస్తే సొట్ట లేదు, దాని చోట కెపు పొట్టలాంటి బుడిపె ఉంది. ఎంత వెడల్పు వచ్చిందో చూడవే అని అత్త మురిసిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

సాగిన రేకుకి వేడి తగిలించి వెంటనే చల్లారిస్తే ముడుచుకుంటుందని కెపు అన్నాడు. మరిగే నీళ్లు పోశాం, చేపల పడవలోంచి తెచ్చిన ఐసు రుద్దాం, మెల్లగా తట్టాం. అలా పదిసార్లు. మధ్యాహ్నానికి బుడిపె దిగింది. రంగు కాస్త లేచిందిగానీ మూత చక్కగా పడుతోంది. అత్తలకి మాంసం పెట్టి ఉడికించిన చేమాకు పొట్లాలు వండి పెట్టాను.

మీ రాక కోసం చూస్తూ,
మీ అకనేసి

తా.క.: అబద్ధంతో ఈ కవరు అంటించబుద్ధి కావడం లేదు. కొబ్బరికాయ కారు మీద పడలేదు. కారే వెనక్కి వెళ్లి కొబ్బరిచెట్టుని గుద్దింది. నడిపింది నేనే. కాయ తర్వాత పడింది, అదీ పక్కన. క్షమించండి, చాలా భయపడ్డాను. అయితే ఆ మూత తిప్పినప్పుడు మన కారు ఎర్రరంగే వేసిన లప్పం పెచ్చు ఒకటి, వేలెడు మందంది, చాప మీద కనిపించింది. ఇదెక్కడిదిరా అని అత్త అడిగితే కెపు కక్కేశాడు. కారు కొన్న వారానికే మీరు చర్చి గేటు స్తంభాన్ని గుద్దారట, లప్పం పెట్టి రంగేశారట, ఎవరికీ చెప్పనని అతని చేత కీర్తనల పుస్తకం మీద ఒట్టు వేయించుకున్నారట. మీ సొట్ట కూడా అత్తలు తీసేశారు. పెచ్చు మాత్రం నా పెట్టెలో భద్రంగా దాచాను. తాళం కూడా అందులోనే ఉంది.