గొట్టం మీటరు

అన్నయ్యా,

విశాఖ హార్బరులో ఓడ అడుగు చూడటానికి దిగి నువ్వు మళ్లీ రాకుండా పోయి నేటికి ఏడాది. ఇవాళే నేను మళ్లీ సిలిండరు కట్టుకుని నీళ్లలో దిగాను. హైటెక్ సిటీ కొత్త భవనంలో కలిసి పనిచేసే నలుగురం ఖాజాగూడ దగ్గర నీళ్లు నిండిన పాత క్వారీ గుంటకు డైవింగుకని వెళ్లాం.

మా జట్టు పెద్ద యాదగిరి సింగపూర్ నుంచి కొత్త వాచీలు తెచ్చాడు. సిలిండరులో ఎంత గాలి మిగిలిందో అవి వైరు లేకుండానే చూపిస్తాయి. గాలి ఎంతుందో ముల్లుతో చూపే, నువ్విచ్చిన గొట్టం మీటరును కూడా నేను సిలిండరుకు బిగించుకుంటుంటే నవ్వాడు.

"గిదెందుకు సుజాతా? వాచీల అన్నీ కనిపిస్తయి గద. జర బరువు తగ్గించుకో."

"మోసేది నేనే కదా. మీరు నవ్వుకోండి, నేను మాత్రం తియ్యను," అన్నాను.

గుంట అడుగుకు చేరాక నా వాచీలో గాలి అంకె మాయమైంది. మీటరు చూస్తే గాలి సగానికి పైనే ఉంది. యాదగిరి నా వాచీ చూసి, గాలి అయిపోయిందని కంగారుపడి నన్ను పైకి లాగబోయాడు. చెయ్యి విడిపించుకుని అతనికి మీటరు ముల్లు చూపించాను. దడాలున పైకొస్తే ఊపిరితిత్తులకు ప్రమాదమని నువ్వు నేర్పినట్టే ఊపిరి బిగబట్టకుండా, దిగిన తాడు పట్టుకుని మెల్లగా వచ్చేశాం.

ఒడ్డున యాదగిరి మాస్కు తీసి, "ఇగ మీటరు లేకుండ ఎవ్వర్నీ దిగనియ్య," అన్నాడు.

సాయంత్రం ఎస్టీడీ బూతు నుంచి అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పాను.

"ఒకణ్ణి నీళ్లకిచ్చాను, చాలదటే?" అంది.

"వచ్చే ఆదివారం మళ్లీ దిగుతానమ్మా. నువ్వు వద్దన్నా దిగుతాను."

అమ్మ అంది: "పైకి రాగానే ఫోన్ చెయ్యి."