గుమ్మంలో పట్టని బల్ల

న్యాయ గ్రంథాలయంలో ఉచిత సలహాల సంగతి చూసే మేడమ్ గారికి,

మార్కెట్ వెనక వీధి టైలరమ్మ నమస్కరించి రాయునది. ఇక్కడంతా క్షేమం అని మొదలుపెట్టడం అలవాటే గానీ, క్షేమంగా ఉంటే మీకు ఉత్తరం రాసే పనేముంది?

మా అన్నయ్య పోయాక టైలరు కొట్టు నాకూ మా వదినకూ మిగిలింది. కొన్నాళ్లు కలిసే కుట్టాం. తర్వాత మాటా మాటా పెరిగి మధ్యలో తెర కట్టుకున్నాం. తెరకి ఇటు నేను, అటు ఆవిడ. ఆ తెర కూడా చెరిసగం కుట్టాం. వంకరగా ఉన్న అంచు ఎవరిదో వచ్చి చూస్తే మీకే తెలుస్తుంది.

ఇబ్బందల్లా బల్లతో. బట్ట కత్తిరించే ఆ పెద్ద బల్లని అన్నయ్య కొట్టు లోపలే కూర్చుని తన చేతులతో చేశాడు. తెర సరిగ్గా దాని మీదుగా పోతుంది. నేను పొడుగు గౌను పరిస్తే సగం గౌను వదిన రాజ్యంలోకి వెళ్లిపోతుంది. మొన్న అలా వెళ్లిన సగాన్ని ఆవిడ తన బట్టే అనుకుని కత్తిరించింది. అనుకున్నానని ఆవిడ అంటుంది.

ఆ గౌను తాలూకు అమ్మాయే మీ గురించి చెప్పింది. మీ దగ్గర లాయర్లు పైసా తీసుకోకుండా సలహా ఇస్తారట. నాకు ఒక్కటే అనుమానం. పని నేర్చుకునేవాళ్లకి మేం ముందు పాత కాగితాలిచ్చి కత్తిరించమంటాం. మీ లాయర్లకి మేం ఆ పాత కాగితాలం కాదు కదా?

బల్ల ఆడపడుచుదా, కోడలిదా? చట్టం ఏమంటుందో ఒక్క ముక్కలో రాయండి. కాదూ కూడదంటే రంపం వాణ్ణి పిలిచి నిలువునా కోయించడానికి కూడా నేను సిద్ధమే.

ఇట్లు,
తెరకి ఇవతలి టైలరమ్మ

తా.క.: బల్ల పట్టుకుపోతానని వదిన బెదిరిస్తోంది. ఎలా పట్టుకుపోతుంది? అది గుమ్మంలో పట్టదు. అన్నయ్య బల్లకి కొలతలు తీశాడు గానీ గుమ్మానికి తియ్యలేదు.

---

గౌరవనీయులైన టైలరమ్మ గారికి,

మీ ఉత్తరం అందింది. బల్ల ఎవరిదో నేను చెప్పకూడదు. నేను గ్రంథాలయ ఉద్యోగిని. ఏ పుస్తకం ఏ అరలో ఉందో చెప్పగలను, అందులోని చట్టం మీకు ఎలా వర్తిస్తుందో చెప్పే అధికారం నాకు లేదు. అది లాయర్ల పని.

మా దగ్గరికి స్వచ్ఛందంగా వచ్చే లాయర్లు పని నేర్చుకునేవాళ్లు కారు. ఈ ఊరి కోర్టులో రోజూ వాదించేవాళ్లే. బుధవారం మధ్యాహ్నం కొందరు, శనివారం మధ్యాహ్నం మరికొందరు మేడ మీద చదువుకునే గదిలో కూర్చుంటారు. మీకు బుధవారం సమయం కేటాయించాను. తగాదాకు సంబంధించినవన్నీ వెంట తెచ్చుకోండి.

మీరు నిస్సంకోచంగా మాట్లాడవచ్చు. మీరు చెప్పింది గది దాటదు. పైగా ఒక లాయరు మీ గోడు విన్నాక, అదే వ్యవహారంలో మీ ఎదుటివారి తరఫున పనిచేయడం కుదరదు. ఇది మీ రక్షణ కోసం ఉన్న నియమం.

ఇట్లు,
సహాయ గ్రంథాలయాధికారి

తా.క.: తగాదాకు సంబంధించినవన్నీ అంటే కాగితాలు అని నా ఉద్దేశం. దయచేసి బల్ల తేవద్దు.

---

మేడమ్ గారికి,

బుధవారం వచ్చాను. మీ మెట్లు ఎక్కేసరికి నా తగాదా సగం మరిచిపోయాను. గది మాత్రం బాగుంది. గోడల నిండా ఒకే రంగు అట్టల పుస్తకాలు, తానులు పేర్చినట్టు. కిటికీ పక్క బెంచీ మీద మనుషులు ఎవరి కష్టం వాళ్లు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నా పక్కన కూర్చున్న పాలాయన తన గోడంతా ముందు నాకే చెప్పాడు. అతన్నించి విడిపోయిన భార్యకి నేను గౌన్లు కుడతానని అతనికి తెలీదు.

నాకు దొరికింది ఒక కుర్ర లాయరు. అంతా ఓపిగ్గా విన్నాడు. చివరికి, ఇద్దరూ కూర్చుని మాట్లాడుకుంటే మంచిదండీ అన్నాడు. మాట్లాడుకోవడం ఇష్టమైతే తెర ఎందుకు కట్టుకుంటాం?

అతని సలహా నాకు పనికిరాలేదు గానీ, మీ ఉత్తరంలోని ఆ నియమం బంగారం. నా మాట విన్న లాయరు వదిన వైపు వెళ్లలేడన్నారు. నిజమేనా అని కుర్రాణ్ణి అడిగాను. నిజమే అన్నాడు. అంటే ఒక లాయరు ఆవిడకి లేనట్టే కదా. కాబట్టి మిగతా బుధవారం లాయర్లందరి దగ్గరా నాకు వరసగా సమయం ఇప్పించగలరు.

ఇట్లు,
మీరు చెప్పినట్టే రక్షణ పొందుతున్న టైలరమ్మ

తా.క.: కుర్ర లాయరు కోటుకి ఒక బొత్తాం ఊడి వేలాడుతుంటే అక్కడే కుట్టి ఇచ్చాను. అది ఫీజు కిందికి వస్తుందా? వస్తే చెప్పండి, మళ్లీ విప్పేస్తాను.

---

గౌరవనీయులైన టైలరమ్మ గారికి,

ఆ నియమం మీ రహస్యాలను కాపాడటానికి ఉంది. ఎదుటివారికి లాయరు దొరక్కుండా చేయడానికి కాదు. దయచేసి ఈ తేడా గమనించండి.

ఒక వ్యవహారానికి ఒక లాయరు, ఒక సమావేశం. అది మా పద్ధతి. పూర్తిగా కొత్త వ్యవహారం ఉంటే మాత్రం మళ్లీ రావచ్చు.

ఇట్లు,
సహాయ గ్రంథాలయాధికారి

తా.క.: బొత్తాం గురించి మా నిబంధనల్లో ఏమీ లేదు. విప్పనవసరం లేదు. అయితే మిగతా లాయర్లు మీరు మళ్లీ ఎప్పుడొస్తారని అడుగుతున్నారు. వాళ్ల ఆసక్తి చట్టపరమైనదో కాదో నేను చెప్పలేను.

---

మేడమ్ గారికి,

తేడా గమనించాను. కొత్త వ్యవహారాలతోనే వచ్చాను. మీ రిజిస్టరు చూసుకోండి. ఒక వారం బల్ల కాళ్ల గురించి అడిగాను. ఇంకో వారం బల్ల సొరుగు గురించి. ఆ తర్వాత బల్ల మీద వేలాడే దీపం గురించి, బల్ల కింద పడుకునే పిల్లి గురించి. పిల్లి నా వైపు తిని వదిన వైపు నిద్రపోతుంది, దాని మీద హక్కు ఎవరిది అని అడిగితే కళ్లద్దాల లాయరమ్మ చాలాసేపు కిటికీలోంచి చూసింది. నవ్వు ఆపుకుంటోందని తర్వాత అర్థమైంది.

బట్టతల లాయరు ఒక్కడే అసలైన మనిషి. కొట్టు ఎవరిచ్చారు, ఎప్పటినించి ఉన్నారు, అద్దె మాట కాగితం మీద ఉందా, ఇల్లుగల పెద్దాయన నోటిమాటగా ఇచ్చాడా అని గుచ్చి గుచ్చి అడిగాడు. పెద్దాయన మాట మీదే ఉన్నాం, ఆయన పోయాక కొడుకు చూసుకుంటున్నాడు అని ఉన్నదంతా చెప్పేశాను. అసలు కొట్టు కథ చెప్పకుండా బల్ల కథ ఎలా చెబుతాం? అందరికీ మొదటినించీ చెప్పాను.

మొత్తానికి మీ బుధవారం లాయర్లంతా అయిపోయారు. ఇప్పుడు వదిన మీ మెట్లు ఎక్కినా పుస్తకాలు చూసుకుని దిగిపోవలసిందే. ఒక్కటే బాధ. ఆవిడకి ఈ సంగతి తెలియదు, తెర అవతల మిషను తొక్కుతూ హాయిగా కూనిరాగం తీస్తోంది. ఇంతకీ ఆవిడ మీ దగ్గరికి ఎప్పుడైనా వచ్చిందా?

ఇట్లు,
గెలుపు దగ్గరికొచ్చిన టైలరమ్మ

తా.క.: బట్టతల లాయరు ప్యాంటు నడుము వదులు చెయ్యాలి. ఆయన అడగలేదు. నేనే చూడలేకపోతున్నాను.

---

గౌరవనీయులైన టైలరమ్మ గారికి,

మా దగ్గరికి ఎవరు వస్తారో, ఎవరు రారో మేము ఎవరికీ చెప్పము. మీ గురించి ఎవరైనా అడిగినా ఇదే జవాబు.

పిల్లిని కొత్త వ్యవహారంగా నమోదు చేసింది నేనే. తప్పే. ఆ రోజు వర్షం, బెంచీ మీద ఇంకెవరూ లేరు.

ఇట్లు,
సహాయ గ్రంథాలయాధికారి

తా.క.: ఈ ఉద్యోగంలో తెలిసినది దాచుకోవడం ఎంత కష్టమో మీకు ఎప్పుడో ఒకరోజు చెబుతాను.

---

మేడమ్ గారికి,

వదిన రాలేదని మర్యాదగా చెప్పినందుకు సంతోషం. కానీ ఈ ఉత్తరం దాని గురించి కాదు.

ఇల్లుగల పెద్దాయన కొడుకు మొన్న ఇనుప టేపు పట్టుకుని కొట్లోకి వచ్చాడు. నా వైపు కొలిచాడు, వదిన వైపు కొలిచాడు, తెర పక్కకి లాగి మధ్యలో కూడా కొలిచాడు. కొలవడం నా వృత్తి. నన్ను అడక్కుండా నా కొట్టు ఇంకొకడు కొలిస్తే ఎలా ఉంటుందో అప్పుడే తెలిసింది. ఏమిటయ్యా అంటే, ఖాళీ చెయ్యాలండీ, పక్క గదితో కలిపి వ్యాయామశాల పెడుతున్నాం అన్నాడు. కోర్టు నోటీసు నాకొకటి, వదినకొకటి వచ్చాయి. తెరకి చెరోవైపు నిలబడి చదువుకున్నాం. చదివాక వదిన మళ్లీ మిషను తొక్కబోయి, రెండు కుట్లకే ఆపేసింది.

ఈ కొట్టు తప్ప మా ఇద్దరికీ వేరే దారి లేదు. కొట్టు పోతే ఖాతాదార్లు పోతారు. బల్ల సంగతి వేరే చెప్పాలా? గుమ్మంలోంచి రావాలంటే దాన్ని ముక్కలు చెయ్యాలి. రంపం వాణ్ణి పిలుస్తానని మీకు రాసింది నేనే. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తోంది.

రాత్రి వదిన తెర సందులోంచి ఒక్క మాటే అడిగింది. "దీనికి ఎవరి దగ్గరికి వెళ్లాలో నీకు తెలుసా?" తెలుసని చెప్పకుండా సూదిలో దారం ఎక్కిస్తూ కూర్చున్నాను.

ఆవిడకి లాయరు లేకుండా చేసింది నేనే కదా. ఇప్పుడు ఇద్దరికీ ఒకే లాయరు కుదురుతాడా?

ఇట్లు,
టైలరమ్మ

---

టైలరమ్మ గారికి,

కుదురుతారు. ఇల్లుగల వారి నోటీసు విషయంలో మీరిద్దరూ ఒకే పక్షం. ఇద్దరూ ఒప్పుకుని సంతకం చేస్తే ఒకే లాయరు ఇద్దరి తరఫునా నిలబడవచ్చు. రేపే రండి. సమయం నేను చూస్తాను.

వదిన గారిని వెంటబెట్టుకుని రండి. విడివిడిగా వద్దు. ఇది సలహా కిందికి వస్తే రానివ్వండి.

ఇట్లు,
సహాయ గ్రంథాలయాధికారి

తా.క.: రెండు కుర్చీలు పక్కపక్కనే వేయించాను. మధ్యలో ఏమీ కట్టలేదు.

---

మేడమ్ గారికి,

నిన్న కోర్టులో ఏం జరిగిందో మీకు ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అయినా నా నోటితో చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మా తరఫున కుర్ర లాయరు నిలబడ్డాడు. అవతల ఇల్లుగలాయన కొడుకు ఒక్కడే నిలబడ్డాడు. పక్కన లాయరు లేడు. మీ లాయరేడీ అని జడ్జిగారు అడిగారు. అతను చెప్పిన కథ విని కోర్టులో గుమాస్తాలు కూడా రాత ఆపేశారు.

కేసు తనే వేసుకుని, వాదించడానికి మొదట తన పాత లాయరు దగ్గరికే వెళ్లాడట. ఆ పాత లాయరు ఎవరనుకున్నారు? మన బట్టతలాయనే. కొట్టు అడ్రసు చూడగానే కాగితాలు మడిచి చేతికిచ్చి, నేను ఈ కేసు ముట్టుకోకూడదు, ఎందుకో కూడా చెప్పకూడదు అన్నాడట. కళ్లద్దాలావిడ దగ్గరా అదే మాట. అంతవరకు నా చలవే అని లోపల మురిసిపోయాను. కానీ అతను ఆపలేదు. నేను ఎప్పుడూ మొహం చూడని లాయర్ల పేర్లు కూడా చదవడం మొదలుపెట్టాడు. వాళ్లూ అడ్రసు చూసి దణ్ణం పెట్టారట. ఊళ్లో ఒక్కళ్లూ మిగల్లేదు. పక్క ఊరి నించి ఒకాయన్ని తెచ్చుకున్నాడు గానీ, ఇంతమంది వద్దన్న కేసులో ఏదో భయంకరమైన మెలిక ఉందనుకుని ఆయన సగం దారిలోనే బస్సు దిగిపోయాడట.

నేను వదిన వైపు చూశాను. ఆవిడ నేల చూపులు చూస్తోంది.

"శనివారాలా?" అని అడిగాను.

"నువ్వు బుధవారాలు వెళ్తున్నావని గౌను అమ్మాయి చెప్పింది" అంది వదిన. "మిగిలినవాళ్లు నీకు దొరక్కూడదని నేను శనివారాలు వెళ్లాను. అందరికీ కొట్టు కథ మొదటినించీ చెప్పాను."

బల్ల తనదని ఎంతమందితో చెప్పిందని అడిగాను. అసలు ఆ మాటే ఎత్తలేదట. మా ఆడపడుచు రంపం వాణ్ణి పిలుస్తానంటోంది, ఎవరూ దాన్ని కొయ్యకుండా ఆపడానికి చట్టం ఉందా అని ప్రతి లాయర్నీ అడిగిందట. ఆవిడ చీర కొంగు అంచు కుట్టు ఊడి ఉంటే చూస్తూ కూర్చున్నాను.

జడ్జిగారు వాయిదా ఇస్తామన్నా అతను వద్దన్నాడు. ఇంకో లాయర్ని వెతికే ఓపిక తనకి లేదని మా బెంచీ దగ్గరికి వచ్చి మాతోనే రాజీ మాట్లాడుకున్నాడు. పక్క గదిలోనే వ్యాయామశాల పెట్టుకుంటాడు. కొట్టు మాకే. ఈసారి నోటిమాట కాదు, కుర్ర లాయరు అక్కడికక్కడే రాయించాడు, ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర కొంచెం మాటా మాటా వచ్చింది గానీ జడ్జిగారు ఒకసారి ఇటు చూసేసరికి సర్దుకున్నాం.

ఇన్నాళ్లూ మా ఇద్దరి సంగతీ మీకు తెలుసు. ఒక్క ముక్క బయటపెట్టలేదు. బట్టతలాయనా, కళ్లద్దాలావిడా కూడా అంతే. పైసా తీసుకోనివాళ్లు మాట ఎందుకు నిలబెట్టుకుంటారులే అని మొదట అనుకున్నదాన్ని నేను. ఆ అనుమానం వెనక్కి తీసుకుంటున్నాను.

ఇట్లు,
టైలరమ్మ
(పక్కనే కూర్చుని, నువ్వు రాసినదాంట్లో సగం అబద్ధం అంటున్న) వదిన

తా.క.: ఇవాళ పొద్దున్నే బట్టతల లాయరు సూటు పట్టుకుని కొట్టుకొచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయి, మీలో ఒకరికి ఇస్తే రెండోవారికి అభ్యంతరమా అని అడిగాడు. బాగా ఆలోచించి కోటు నాకూ ప్యాంటు వదినకీ ఇచ్చాడు. నేను కొంచెం వదులు చేశాను, వదిన కొంచెం బిగించింది. ఇప్పుడాయన ఈ నష్టానికి ఎవరి మీద కేసు వెయ్యాలో తెలుసుకోవాలట. మీ దగ్గర సమయం ఉందా?