తలుపు దగ్గర ఆగిన పుస్తకం

వచ్చే సోమవారం నన్ను ఆసుపత్రిలో చేర్చుకుంటారు. మంగళవారం పొద్దున గుండెకు ఆపరేషన్. నేను తిరిగి ఇంటికి వస్తానా అని అడిగితే డాక్టరమ్మ నా ఫైలు మూసి, "ధైర్యంగా ఉండాలమ్మా" అంది. అడిగినదానికి అది జవాబు కాదని తెలియడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు. నాలుగు వరసలు రాసేసరికి ఆయాసం వస్తోంది. ఇంకా ఆగితే రాసే ఓపిక కూడా ఉండదు. అందుకని ఈ వీలునామా ఇప్పుడే రాయాలి.

బైండింగ్ షాపులో పుస్తకాలు కుట్టే పని చేసినదాన్ని, ఇరవై ఆరేళ్లదాన్ని, అవివాహితను అయిన నేను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా దీన్ని రాస్తున్నాను. పాడైంది గుండె, బుర్ర కాదు. ఇంతకుముందు నేను రాసిన వీలునామా ఏదీ లేదు. ఆ మాటకొస్తే మా వంశంలోనే ఎవరూ రాయలేదు. రాయడం వచ్చినవాళ్లు లేరు, రాయడానికి ఆస్తీ లేదు. నాకు మొదటిది వచ్చింది, రెండోది రాలేదు.

నాకు స్థిరాస్తి లేదు. చరాస్తి అంతా మంచం కింద రేకు పెట్టెలో ఉంది. అన్నీ పుస్తకాలే. అట్టలు ఊడి, పేజీలు విడిపోయి, మరమ్మతుకు కూడా పనికిరావని షాపు యజమాని పారెయ్యమన్నవి. నేను ఇంటికి తెచ్చి మళ్లీ కుట్టుకున్నవి.

ఇది అమ్మ ఎదురుగానే కూర్చుని రాస్తున్నాను. అమ్మ చొక్కాలకు గుండీలు కుడుతోంది. "ఏం రాస్తున్నావే అంతసేపూ?" అని ఇప్పుడే అడిగింది. పుస్తకాల పేర్లమ్మా అన్నాను. ఆమెకు చదవడం రాదు కాబట్టి కాగితం దాచుకోనక్కర్లేదు. ఇంట్లో మొదట చదువుకున్నదాన్ని నేనని అమ్మ ఊరంతా చెప్పుకుంది. ఆ చదువు చివరికి నాకిలా పనికొచ్చింది.

మా పద్ధతి ఏమిటో సాక్షులకు తెలియదు గనక ముందు అది రాస్తున్నాను. షాపులో చదివే పిచ్చి ఉన్నవాళ్లం నలుగురం. జిగురు పూసే ఆయన జిగురు బాబాయ్. కటింగ్ మిషన్ మీద ఉండేవాడు కత్తి. కుట్టేదాన్ని గనక నేను సూది. కాగితాలు మడతపెట్టే అమ్మాయి నత్త. ఆ ఒక్క పేరు మాత్రం పనిని బట్టి వచ్చింది కాదు, చదివే వేగాన్ని బట్టి వచ్చింది. పుస్తకం ఒకటి, చదివేవాళ్లు నలుగురు. అందుకని కుట్టు విప్పి, పుస్తకాన్ని ఫారాలుగా విడదీసేవాళ్లం. ఫారమంటే పదహారు పేజీల మడత. ఒకరు చదివిన ఫారం పక్కవాళ్లకి, వాళ్లు చదివాక ఆ పక్కవాళ్లకి. అందరిదీ అయ్యాక నేను మళ్లీ కుట్టేదాన్ని. నియమాలు రెండే. ముందున్నవాళ్లు కథ చెప్పకూడదు, వెనకున్నవాళ్లు తొందరపెట్టకూడదు.

ఇక పంపకాలు.

ఒకటి. రేకు పెట్టె, అందులోవన్నీ తీసేసిన తర్వాత, నా తమ్ముడికి చెందాలి. నిండా ఉండగా మాత్రం వాడి చేతికి ఇవ్వకూడదు. నా తర్వాత బడి మొహం చూసినవాడు వాడొక్కడే గాని, ఎక్కువసేపు చూడలేదు. "ఇవన్నీ ఏం చేసుకుంటావక్కా? తూకానికేస్తే ఇల్లు కాస్త విశాలమవుద్ది" అని వాడు చాలాసార్లు అన్నాడు. ఒక్క గదిలో ముగ్గురం పడుకుంటాం, వాడి కాళ్లు పెట్టెకు తగులుతాయి, కాబట్టి ఆ మాటకు నాకు కోపం లేదు. పెట్టెతోపాటు పచ్చ అట్ట ఉన్న సన్నటి ప్రయాణాల పుస్తకం కూడా వాడిదే. ఒక్కో అధ్యాయం రెండు పేజీలకు మించదు. సామాను బండి నడిపేవాడివి, సరుకు దింపేవరకూ సీట్లో ఊరికే కూర్చుంటావు కదరా, అప్పుడు చదువు. చదవకపోతే సీటు కిందైనా ఉంచు. అమ్మకం, తాకట్టు హక్కులు మాత్రం నీకు ఇవ్వడం లేదు.

రెండు. కత్తికి, సర్వహక్కులతో, చివరి పేజీలతో సహా, ఆ హత్య నవల. నేను ఇంకా సగంలో ఉండగా టీ గ్లాసు పట్టుకుని వచ్చి, "ఇంకా తెలీలేదా సూదీ? చంపింది కంటి డాక్టరు" అన్నవాడివి నువ్వే. మిగతా సగం కంటి డాక్టరు మంచిమాటలు మాట్లాడిన ప్రతిచోటా నిన్ను తిట్టుకుంటూ చదివాను. ముగింపు తెలిసిన పుస్తకం చదవడం ఎలా ఉంటుందో నువ్వూ చూడు. నీకు ఇంకేమీ ఇవ్వను. నీ నోరు మిషన్ కంటే పదునని అప్పట్లో అందరూ నవ్వేవాళ్లు. మిషన్‌కైనా వేళ్లు తెగకుండా అడ్డు ఉంటుంది.

మూడు. నా సూదులు, మైనం ముద్ద, మడత నొక్కే చెక్క, మిగిలిన దారం జిగురు బాబాయ్‌కి. కుట్టడం ఆయనకూ వచ్చు. మడత పెట్టడానికీ కుట్టడానికీ పెద్ద మిషన్ వచ్చి మమ్మల్ని ఇంటికి పంపాక కూడా ఆయన పాత చొక్కా జేబులో సూది గుచ్చుకునే తిరుగుతున్నాడు. పెద్ద అక్షరాల పుస్తకాలన్నీ ఆయనకే. బాబాయ్, కళ్లకి పొర వచ్చిందని చదవడం మానేశావట. ఏ వరసలో చదవాలో ఒక చీటీ మీద లావు అక్షరాలతో రాసి పైన పెట్టాను. మొదటిది నవ్వించేది. ఆ తర్వాతిది ఏడిపించేది, అది పగలే చదువు. నేను లేనని మూడోది మొదలుపెట్టకుండా ఉండకు.

నాలుగు. మిగిలిన పుస్తకాలు ముక్కూ మొహం తెలియని చదువరులకు. దీన్ని ఎలా అమలు చెయ్యాలో నాకు తెలియదు. ప్రతి పుస్తకం వెనక అట్ట లోపల, ఇది నచ్చితే తర్వాత ఏది చదవాలో, నచ్చకపోతే ఏది చదవాలో రాశాను. ఎవరైనా రాసిచ్చి ఉంటే బాగుండునని బడిలో ఉన్నప్పుడు నాకు ఉండేది. ఇంట్లో అడగడానికి ఎవరున్నారు? అందుకని రాశాను. కొన్ని బస్సుల్లో వదిలాను, కొన్ని ఆసుపత్రి బల్లల మీద. తర్వాత ఒకరోజు మందులు కొనడానికి వెళితే, పక్క కొట్లో ఒకాయన మేకులు పొట్లం కట్టడానికి అందులో ఒకదాన్ని చింపుతున్నాడు. అట్ట లోపలి నా రాత నాకు కనిపించింది. "ఏమ్మా, మేకులు కావాలా?" అన్నాడు. వద్దన్నాను. ఆ వరసలో చదివినవాళ్లు ఈ లోకంలో ఒక్కరైనా ఉన్నారని నాకు నమ్మకం లేదు. అయినా ఈ పంపకం కొట్టెయ్యడానికి చెయ్యి రావడం లేదు. బస్సుల్లోనే వదలండి. పొట్లాలకైతే పొట్లాలకే పోనివ్వండి.

ఐదు. పడవ నవల మా అమ్మది. దీని పేరేమిటో నాకు తెలియదు, పేరున్న పేజీ మా చేతికి రాకముందే ఊడిపోయింది. ఏ దుకాణంలో అడగాలన్నా ఏమని అడగను? ఏటిలో పడవ నడిపే ఇద్దరు అక్కచెల్లెళ్ల కథ. చెల్లెలు ఒక మాట పడలేక ఇల్లు వదిలిపోతుంది. అక్క ఒక్కతే పడవ లాగి లాగి మంచాన పడుతుంది. వాన కురుస్తుండగా ఎవరో తలుపు తడతారు. "అక్క గోడ పట్టుకుని లేచి గడియ తీసింది. గుమ్మంలో, తడిసి ముద్దయి," అన్నచోట ఫారం అయిపోయింది. తర్వాతిదే చివరి ఫారం. అది నా దగ్గర లేదు.

ఈ నవల అమ్మకు రోజూ కొంచెం కొంచెం చదివి వినిపిస్తూ వచ్చాను. అమ్మ వినే తీరు వేరు. పుస్తకంలోవాళ్లు పక్కవాటాలో ఉంటున్నట్టు వింటుంది. "ఆ చెల్లెలికి నోరెక్కువే, అయినా అక్కదీ తప్పుంది" అని మరుసటి రోజు గిన్నెలు తోముతూ నాతో దెబ్బలాడుతుంది. పోయిన వారం తలుపు దగ్గరకి వచ్చాం. మిగతాది రేపు అని పుస్తకం మూశాను. మర్నాడు ఓపిక లేదన్నాను. "ఏదో ఒకటి కల్పించి చెప్పెయ్యక్కా, అమ్మకేం తెలుస్తుంది?" అన్నాడు తమ్ముడు. ప్రయత్నించాను. పేజీ మీద వేలు పెట్టి, లేని వాక్యాలు చదివాను. రెండో వాక్యం దగ్గరే అమ్మ గుండీ పక్కన పెట్టి, "అది పుస్తకంలో లేదే, నీ నోట్లో ఉంది" అంది. అప్పటినుంచి అడగడం మానేసింది. నా జబ్బు వల్ల చదవలేకపోతున్నాననుకుంటోంది. పుస్తకంలోనే లేదని ఆమెకు తెలియదు. సోమవారం నేను వెళ్లిపోతే ఆ గుమ్మంలో ఎవరున్నదీ ఆమెకు చెప్పేవాళ్లు ఉండరు. ఈ వీలునామాలో నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఇదొక్కటే. మిగతావి ఏమైపోయినా పరవాలేదు.

ఆరు. నత్తా, చివరి ఫారం నీ దగ్గరుంది. నా ఆస్తి పంచే అధికారం నీకు ఇస్తున్నాను. ఈ కాగితాన్ని అమలు చెయ్యవలసింది నువ్వే. నీ మీద ప్రేమతో అనుకోకు, కోపం అలాగే ఉంది.

అందరూ వెనక నుంచి తరుముతున్నారని నువ్వు బాధపడితే, ఈ పడవ నవల నత్తనే ముందు మొదలుపెట్టనిద్దాం, తను కొంతదూరం వెళ్లాక మనం మొదలుపెడితే వెనక ఎవరూ ఉన్నట్టే ఉండదు అన్నాడు బాబాయ్. మంచి ఆలోచనే అనుకున్నాం. నెమ్మదిగా నడిచే మనిషిని ఇరుకు సందులో ముందు పెట్టి అందరం వెనక నిలబడ్డామని ఎవరికీ తట్టలేదు. తలుపు దగ్గరకి వచ్చాక ముగ్గురం నీ మొహమే చూస్తూ కూర్చున్నాం. మాటల్లో తొందరపెట్టింది కత్తి ఒక్కడే. "నత్తమ్మా, ఆ తలుపు తీస్తావా, మమ్మల్ని కిటికీలోంచి దూకమంటావా?" అన్నాడు. నువ్వు ఫారం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయావు. మళ్లీ రాలేదు. వాడి మీది కోపం మా అందరి మీదా చూపించావు.

నీ ఇల్లు కనుక్కుని వచ్చాను. మూడో అంతస్తు. ఈ గుండెతో, మలుపు మలుపుకీ మెట్ల మీద కూర్చుంటూ ఎక్కాను. మీ అత్తగారు తలుపు సగమే తీసి, "లేదమ్మా, బయటికెళ్లింది" అన్నారు. ఆవిడ వెనక తెర కింద నీ కాళ్లు కనిపించాయి. ఎడమకాలి చెప్పుకి నేను కుట్టిన తెల్లదారం ఇంకా ఉంది. గోడ పట్టుకుని దిగిపోయాను. ఎక్కడంకంటే దిగడమే కష్టమైంది.

అది చదివావో లేదో కూడా నాకు తెలియదు. చదవలేదేమో, ఆ సంగతి చెప్పడానికి సిగ్గేమో. చదవకపోతే చదవకపోయావు, అలాగే తీసుకురా. వచ్చి మా అమ్మ దగ్గర కూర్చుని చదువు. కూడబలుక్కుని చదివినా, ఒక్క పేజీ ఒక పూటంతా చదివినా ఆమె ఏమీ అనదు. మా అమ్మకి కథ అయిపోవడమంటేనే ఇష్టం ఉండదు. నా చదువు ఎప్పుడూ ఆమెకు తొందరగానే ఉండేది. "పరిగెత్తకే, నేను ఇంకా ఏటిలోనే ఉన్నాను" అనేది. నీ అంత నెమ్మదిగా చదివేవాళ్లు ఆమెకు ఇంతవరకూ దొరకలేదు.

నువ్వు రాకపోతే, ఆ చోట పదహారు తెల్ల పేజీలు పెట్టి పుస్తకం కుట్టెయ్యమని బాబాయ్‌కి చెప్పాను. కథ అంతేనని అమ్మకు చెప్పమన్నాను. ఆమె నమ్మదు. ఆ తెల్ల పేజీలు తడుముకుంటూ, నేను చదవకుండానే పోయాననుకుంటుంది. నువ్వు రావనే నా నమ్మకం. ఈ మధ్య నా నమ్మకాలన్నీ నిజమవుతున్నాయి. అయినా అడుగుతున్నాను.

పైన రాసినదంతా నేను స్వయంగా రాసి, మళ్లీ చదువుకుని, సరిగా ఉందని తెలుసుకుని సంతకం చేశాను.

మార్చి పదకొండు, బుధవారం.

(సంతకం) సూది

సాక్షులు, ఇద్దరికీ ఇందులో ఏ లాభమూ లేదు:

కింది వాటా దర్జీ. అంతా చదివి, కళ్లజోడు తుడుచుకుని సంతకం చేశాడు.

మూలమీది టీ కొట్టు పిన్ని. "చావు రాతలైతే నేను పెట్టనే. పుస్తకాల సంగతంటున్నావు గనక పెడుతున్నా" అని పెట్టింది.

నత్తకు: ఈ కాగితం బాబాయ్ స్వయంగా నీ చేతికే ఇస్తాడు, తెర వెనక దాక్కోకు. శనివారం, పద్నాలుగో తారీఖు సాయంత్రంలోగా ఆయన దగ్గరే జవాబు పంపు. అప్పటిదాకా పుస్తకం కుట్టకుండా ఉంచుతాడు. గుమ్మంలో ఎవరున్నారో నాకు రాయకు. నువ్వు వస్తావో రావో, అదొక్కటే రాయి.