శనివారం ఒక్కపొద్దు

బాన్సువాడ,
శనివారం, పొద్దున.

అమ్మకు,

సాయి దండాలు. ఇక్కడ నేనూ బాపూ బాగున్నాం, అక్కడ నువ్వూ అక్కా పిల్లలూ బాగున్నారని తలుస్తాను. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలి కాబట్టి రాశాను. ఆ మాటలో ఎంత నిజముందో చదువుతూపోతే నీకే తెలుస్తుంది. దానికి ముందు ఒక పని చెయ్యి. బావతో పంపిన సంచిలో పైనే పల్లీపట్టీల పొట్లం ఉంది. ఒక పట్టీ తీసి నోట్లో వేసుకో. ఎవరూ చూడకుండా చాటుగానే తిను. ఎందుకని అడగకు. అది నమిలి మింగాకే మిగతాది చదువు.

నువ్వు బావ చేత పంపిన ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. బావ కామారెడ్డిలో తన పని చూసుకుని ఇక్కడికి వచ్చాడు. ఇవాళ పొద్దుగూకేసరికి నిజామాబాద్ పోయి పుణె బస్సెక్కుతాడు. ఆలోపు ఇది రాసి అతని చేతికివ్వాలి. ఫోనుండగా ఉత్తరమెందుకని నవ్వుతావేమో. అక్క రెండో కాన్పుకని నువ్వు వెళ్లినప్పటి నుంచీ ఆ ఇంట్లో ఫోను స్పీకర్ మీదే ఉంటోంది. నిన్న నువ్వు "మంచిగనే ఉన్న బిడ్డా" అంటుంటే వెనకనుంచి మీ వియ్యపురాలు "మాతాన ఏం తక్కువ లేదని చెప్పు వదినె" అంటోంది. అంతమంది వింటుండగా నిన్ను నేనేం అడగను, నువ్వు మాత్రం ఏం చెబుతావు.

అడిగినవాటికి జవాబులు రాస్తాను. కాల్వకు నీళ్లు వదిలారు. బీర్కూర్ మడిలో నాట్లు అయిపోయాయి. పెరుగు తోడుకుంటోంది కానీ నీ చేతి పెరుగులాగ గట్టిగా రావడం లేదు. పోసవ్వ రోజూ గోడ మీదినుంచి తొంగిచూస్తుంది. రెండు వారాల కింద నా ముందే అనేసింది, "మీ అమ్మ ఎప్పుడొస్తదిరా? చాయకు బదులు నువ్వు పోసే ఆకుపసరు తాగలేక మీ బాపు మా ఇంటికొచ్చి చాయ తాగుతుండు" అని. బాపును నిలదీశాను. "చాయ గాదురా, వేడినీళ్లు" అన్నాడు. మీసానికి మీగడ అంటుకుని ఉంది.

ఎవరితోనన్నా కొట్లాడినవా అని కూడా అడిగావు. కొట్లాడాను. నస్రుల్లాబాద్‌లో పెళ్లికి పోతే వడ్డించే ఆయన బాపు ఇస్తార్లో డబల్ కా మీఠా వెయ్యబోయాడు. గరిటె పట్టుకున్నాను. షుగరున్న మనిషికి మీరు పెట్టేది తీపి కాదు, చావు అన్నాను. పెళ్లింట్లో ఆ మాట అనకూడదట. పెళ్లికొడుకు మేనమామ లేచి "ఎవడ్రా వీడు, పాంప్లెట్ పోరడా" అన్నాడు. ఇప్పుడు ఊళ్లో నా పేరదే. పోనీ అననీ. బస్టాండులో పంచినవీ, రైతు మేళాలో తెచ్చుకున్నవీ, ప్రకృతి వైద్య శిబిరంలో ఇచ్చినవీ, ఆ కాగితాలే నాకు చదువు చెప్పాయి. మనవాళ్లు జొన్నలు మరిచిపోయి మూడు పూటలా తెల్లన్నం తినడం మొదలుపెట్టాకే ఇంటింటికీ గోలీల డబ్బా వచ్చింది. ఇది నేను ఇప్పటికీ నమ్ముతాను. మందు కంటే ముందు కంచం మారాలి. ఈ ఉత్తరమంతా చదివాక కూడా నేనిది నమ్ముతున్నానని గుర్తుంచుకో. ఎందుకంటే కింద రాయబోయేది వేరు.

నువ్వు పుణె వెళ్లకముందే నీకూ బాపుకూ నేను తిండి మార్చాను. ఇద్దరూ మింగేది ఒకే షుగరు గోలీ కాబట్టి ఇద్దరికీ ఒకే పద్ధతి అన్నాను. పొద్దున అన్నం బదులు గ్లాసెడు రాగి అంబలి. రాత్రి ఒక్క జొన్నరొట్టె. చక్కెర లేదు, బెల్లం లేదు. బెల్లం డబ్బా తీసుకుపోయి పోసవ్వకిచ్చేశాను. నువ్వు ఎదురు చెప్పలేదు. "కొడుకు చదువుకున్నడు, చెప్తుండు" అని బాపును కూడా ఒప్పించావు. అదే ఇప్పుడు నన్ను కాల్చేస్తోంది.

నీ ఉత్తరం చివర రాసినవి నాకు కంఠతా వచ్చేశాయి. "పొద్దుగాల గోలీ ఏసుకోని నువ్వు చెప్పినట్టే అంబలి తాగుతున్న. ఈడ బువ్వ ఆలస్యం, అందరు తిన్నంక నేను తింట. నడిమిట్ల చేతులు వణుకుతయి, చెమటలు వడ్తయి, గుండె దడదడ అంటది. నీళ్లు మారినయి గద, గందుకే గావచ్చు. బిడ్డింట్ల అడిగి తినుడు నాతోని గాదు. అక్కకు చెప్పకు, బాలింత, ఫికర్ వెట్టుకుంటది."

అమ్మా, అది నీళ్లు మారినందుకు కాదు. నాకెలా తెలుసో చెప్పాలంటే బాపు సంగతి చెప్పాలి. నీకు చెప్పొద్దని బాపు నా చేత మాట తీసుకున్నాడు. ఆ మాట తప్పుతున్నాను.

పోయిన శనివారం బాపు ఎప్పటిలాగే ఒక్కపొద్దు ఉన్నాడు. మీ ఇద్దరూ ఏళ్లుగా ఉంటున్నదే, పొద్దుగూకి దీపం పెట్టాక ఒక్కపూట తినడం. కానీ ఇదివరకు శుక్రవారం రాత్రి కడుపునిండా అన్నం తినేవాళ్లు. శనివారం పగలు చాయో అరటిపండో పడేది. ఆ చాయా అరటిపండూ కూడా నేను బంద్ పెట్టాను. రాత్రి అన్నమూ లేదు. గోలీ మాత్రం ఎప్పటి గోలీయే. అది మింగి బాపు మడికి పోయాడు. మధ్యాహ్నం తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుంది. "సాయీ, ఇంత బెల్లముంటె తేరా" అన్నాడు.

నేను తేలేదు. ఆ బెల్లమే నిన్నింత చేసిందని మొదలుపెట్టాను. షుగరు ఎక్కువై ఇలా అవుతోందని నా నమ్మకం. పోసవ్వ చూసి ఉరికొచ్చి చాయ గ్లాసు బాపు నోటి దగ్గర పెట్టింది. నేను తోసేశాను. చాయంతా ఆమె చీర మీద పడింది. "నీకేమన్న నెత్తి ఖరాబైందారా" అంది. నేను ఆమె మీద కూడా అరుస్తున్నాను. అప్పుడు బాపు తలెత్తి, కొత్తవాళ్లను అడిగినట్టు నెమ్మదిగా అడిగాడు.

"నువ్వెవరి పిల్లగానివి బిడ్డా?"

అమ్మా, ఆ చూపు నీకు రాయలేను. ఎదురుగా నన్ను చూస్తున్నాడు. ఆ చూపులో నేను లేను.

ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. వేలికి సూది గుచ్చి చూసిన డాక్టర్ వెంటనే నరానికి గ్లూకోజ్ ఎక్కించాడు. కాసేపటికి బాపు కళ్లు తెరిచి, "మడికి నీళ్లు కట్టలే" అన్నాడు. అప్పుడు డాక్టర్ నా వైపు తిరిగాడు. ఏం తింటున్నాడో చెప్పమన్నాడు. గర్వంగా చెప్పబోయి సగంలో నా గొంతు నాకే వినబడలేదు.

"జొన్నరొట్టె మంచిదే, అంబలి మంచిదే" అన్నాడు ఆయన. "గోలీ అట్లనే ఉంచి బువ్వ బంద్ వెడ్తె, లోపల గోలీ ఊకె కూసుంటదా? ఉన్న షుగర్ మొత్తం దించుతది. ఎవరిని అడిగి మార్చినవ్?"

పాంప్లెట్‌లో ఉందన్నాను.

"పాంప్లెట్‌కు మీ నాయిన మింగే గోలీ ఎరుకేనా?"

ఊళ్లో ఎవరితోనైనా వాదించే నేను అక్కడ నిలబడి నేల చూశాను. ఆ రోజు నుంచి భయమే నా పని. బాపు దగ్గితే లేచి చూస్తున్నాను. దగ్గకపోయినా లేచి చూస్తున్నాను. నువ్వు కూడా అదే గోలీ మింగుతున్నావన్న సంగతి తెలియనట్టు ఉండిపోయాను. ఫోనులో మంచిగున్న అంటున్నావు కదా అని నన్ను నేను నమ్మించుకున్నాను. నీ ఉత్తరం వచ్చాక ఆ నమ్మకం కూడా పోయింది. నిన్ననే బావకు చెప్పాల్సింది. అక్కకు చెప్పకు అని నువ్వు రాసిన మాట నా నోరు కట్టేసింది. ఉత్తరంలో నీకొక్కదానికే రాస్తే నీ మర్యాద నీకుంటుంది, పట్టీలు చాటుగా తింటావు అనుకున్నాను.

ఇక్కడిదాకా రాసి, మొదటి నుంచి ఒకసారి చదువుకుందామని కాగితం తిప్పాను. పైన తారీఖు రాయాల్సిన చోట నా చేత్తో నేనే రాసుకున్నది చూశాను.

అమ్మా, ఇవాళ శనివారం.

అదే రోజు, మధ్యాహ్నం.

అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

కాగితం అక్కడే వదిలేసి నీకు ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. ఎత్తలేదు. అక్కది స్విచాఫ్. ఆఖరికి మీ వియ్యపురాలి ఫోనుకు చేస్తే ఆమె ఎత్తింది. "మీ అమ్మ పండుకున్నది బిడ్డా. ఒక్కపొద్దు గద, అలసట గావచ్చు. లేపొద్దన్నది" అంది.

నువ్వు పగలు పడుకోవడం నేను పుట్టి ఎరగను. జ్వరమొచ్చినా గోడకు ఆనుకుని బియ్యం ఏరుతావు.

బావ ముందరింట్లో అన్నం తింటున్నాడు. పోయి నిలబడ్డాను. మాటలు వరసగా రాలేదు. గోలీ అన్నాను, అంబలి అన్నాను, బాపు పడిపోయాడన్నాను, నీ ఉత్తరం అతని కంచం పక్కన పెట్టి ఆ చివరి మాటలు వేలుతో చూపించాను. బావ చదివాడు. చెయ్యి కడుక్కోలేదు. ఎడమచేత్తో ఫోన్ తీసుకుని, వాళ్లమ్మతో చెప్పాడు.

"అమ్మా, అత్తమ్మను లేపు. నిద్ర గాదది. భుజం వట్టి గట్టిగ లేపు. కూసోవెట్టు. మింగుతదా చూడు. మింగితె చక్కెర నీళ్లు చిక్కగ కలిపి తాగియ్యి."

"ఒక్కపొద్దున్నదిరా ఆమె."

"అమ్మా, లేపు."

ఫోన్ స్పీకర్ మీద పెట్టాడు. ఆ ఇంటి చప్పుళ్లన్నీ మా గదిలోకి వచ్చాయి. ఆమె నిన్ను పిలుస్తోంది, "వదినా, ఓ వదినా" అని. నువ్వు పలకడం లేదు. ఎక్కడో చిన్నది ఏడుస్తోంది. "ఒళ్లంత చెమటలేరా భాను, చీర తడిసింది" అని బావను పిలిచి చెబుతున్న ఆమె గొంతు మారిపోయింది. అక్క అడుగులు. గ్లాసులో చెంచా తిరుగుతున్న చప్పుడు. ఆ చెంచా ఎంతసేపు తిరిగిందో. బాపు వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. ఎవరూ చెప్పకుండానే అతనికి తెలిసిపోయింది. తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాడు.

"మింగుతుంది" అంది అక్క. "ఇంకింత తాగే అమ్మా. ఇంకింత."

నేను గోడకు నుదురు ఆనించి ఉన్నాను. నిన్ను కూడా ఎవరి పిల్లగానివి అని అడిగే చోటికి పంపించానని, ఈసారి పక్కన దవాఖానకు మోసుకుపోవడానికి కూడా నేను లేనని, అదొక్కటే నా తలలో తిరుగుతోంది.

అప్పుడు నీ గొంతు వినబడింది. సన్నగా, కోపంగా.

"ఒక్కపొద్దు చెడగొడ్తిరి గదనే."

బాపు గడపలోనే కూర్చుండిపోయాడు. నేను నవ్వానో ఏడ్చానో తెలియదు. బావ మాత్రం నవ్వలేదు. ఫోను దగ్గరికి వంగి అన్నాడు, "గిన్ని దినాలు మా ఇంట్ల ఆకలిగొని ఉన్నవా అత్తమ్మా? మేము గంత పరాయోళ్లమా?" దానికి "సాయిగాడు చెప్పిండా?" అన్నావు. అవునమ్మా. నేనే చెప్పాను. నువ్వు చెప్పొద్దన్నది కూడా, బాపు చెప్పొద్దన్నది కూడా. నీ మర్యాద ఆ ఇంట్లో అందరి ముందూ విప్పి పెట్టాను. తిరిగొచ్చాక ఎంత తిట్టినా పడతాను. తిరిగి రావాలి, అంతే.

ఇవాళే అక్క నిన్ను అక్కడి డాక్టర్ దగ్గరికి తీసుకుపోతుంది. తినేదీ మింగేదీ రెండూ ఆయనకు చెప్పు. గోలీ నీ అంతట నువ్వు మానకు. నా మాట విని అసలే మానకు. ఇక్కడి డాక్టర్ బాపుకు గోలీ తగ్గించి, తిండి ఇలా చెప్పాడు. అన్నం మానేయొద్దు, కుప్పలా కాక ఒక గిన్నెడు పెట్టుకోమన్నాడు. దానికి రెండింతలు కూర, పప్పు. రాత్రి జొన్నరొట్టె ఉండనీ. వేళకు తినడం, మధ్యలో ఆకలైతే గుప్పెడు శనగలు. తిన్నాక కాసేపు నడవడం. తనను అడగకుండా ఒక్కపొద్దు వద్దన్నాడు. ఇంతేనా అన్నాను ఆయనతో. గింతే, కానీ రోజూ అన్నాడు. నా పాంప్లెట్లలో ఇంత చిన్న మాటలు ఎక్కడా లేవు.

బెల్లం డబ్బా కోసం పోసవ్వ ఇంటికి పోయాను. "ఇస్త గాని, సగం తిన్నం" అంది. చీర సంగతి ఎత్తలేదు. మిగిలిన సగం తెచ్చి పొయ్యి పక్కన, నువ్వు పెట్టే చోటే పెట్టాను. అక్కరపడితే కళ్లు మూసుకున్నా చేతికి అందాలి.

పైన చాటుగా పట్టీ తిను అని రాశాను. అది కొట్టేస్తున్నాను. పొట్లం మీ వియ్యపురాలి ముందే విప్పు, ఆమెకూ ఒకటి పెట్టు. రేపు బావ చేరాక ఫోన్ చేస్తాను. స్పీకర్ మీదే పెట్టమను. మంచిగున్న అని చెప్పకు, ఆ మాట నేనింక నమ్మను. నువ్వేం మాట్లాడకుండా ఒక పట్టీ కొరుకు. ఆ చప్పుడు నేనూ బాపూ వింటాం.

ఇట్లు,
ఆ చప్పుడు వినేదాకా అన్నం సహించని నీ కొడుకు,
సాయిప్రసాద్